‘వలపు’కు పరిమళమనే అర్థం ఉందా?

సందేహం: విదేశీ సెంటు కంపెనీలు భారీ వ్యయంతో తీయించే చిన్న చిత్రాలపై వ్యాసం రాసి, దానికి ‘వలపు చిత్రాలు’ అని పేరు పెట్టాను. వలపంటే ప్రేమే గాని పరిమళం కాదని మిత్రులొకరు ఆక్షేపించారు. ఏది ఒప్పు?
– ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: అమ్మా, మీ ప్రయోగం సాధువే. వలపునకు అనురాగంతో పాటు పరిమళమనే అర్థాన్నీ నిఘంటువులు ఇస్తున్నాయి. రెండర్థాలూ ‘వలచు’ అనే క్రియలోనే ఉన్నాయి. ‘ఆమె అతణ్ణి వలచింది’ అన్నప్పుడు ఆ క్రియకు కర్మ కావాలి. పరిమళించుట అనే అర్థంలో కర్మతో పని లేదు, ‘పొగడపూలు వలచుచున్నవి’ అంటే చాలు. ఈ రెండో అర్థం నేటి వాడుకలో దాదాపుగా వినిపించదు గనుక మీ మిత్రులకు అనుమానం రావడం సహజమే అయినా, మరుగున పడినంత మాత్రాన మాట తప్పయిపోదు.

పైగా మీరు ఎత్తుకొన్న విషయానికి ఇంతగా అమరే మాట మరొకటి లేదని నా అభిప్రాయం. షనెల్ నంబర్ 5 అనే సెంటు కోసం 2004లో బాజ్ లుర్మన్ దర్శకత్వంలో నికోల్ కిడ్మన్ నటించిన చిత్రానికి దాదాపు 3.3 కోట్ల డాలర్లు ఖర్చయిందని చెబుతారు. ఎంత ఖర్చు పెట్టినా తెర మీద వాసనను చూపడం సాధ్యం కాదు. అందుచేత, జనం కళ్లు తప్పించుకొని పారిపోయిన ఒక ప్రఖ్యాత స్త్రీకీ ఒక అపరిచిత యువకుడికీ మధ్య పుట్టిన కొద్దిపాటి ప్రేమను చూపి, ఆమె వెళ్లిపోయాక అతడు తలచుకొనే వాటిలో ఆమె పరిమళాన్ని చివర నిలిపారు. అదే సరుకుకు 2009లో జాఁ-పియెర్ జునే తీసిన చిత్రంలోనూ, రాత్రి రైలులో ఒక యువకుణ్ణి తోటి ప్రయాణికురాలి వైపు లాగేది ఆ పరిమళమే. అనురాగమూ పరిమళమూ ఒకదాని చాటున ఒకటి నడిచే ఇలాంటి కథలకు, రెంటినీ పలికే మాటను మీరు ఎన్నుకోవడం నాకు ఎంతో సంతోషం కలిగించింది.

వ్యాసం లోపల మాత్రం ‘సెంటు’ అనో ‘పరిమళ ద్రవ్యం’ అనో రాయండి. ‘అత్తరు’ పొసగదు, సంప్రదాయమైన అత్తరు ఆల్కహాలు కలపని నూనె. ‘గంధం’ అంటే, బారాషహీద్ దర్గా గంధమహోత్సవం ఎరిగిన మన నెల్లూరు వారికి తట్టేది చందనమే. ‘లఘుచిత్రం’ అనే మాటనూ విడిచిపెట్టండి. ఎంత గొప్ప దర్శకుడు తీసినా, సరుకు పేరు ఎంత తక్కువగా వినిపించినా, అమ్మకం కోసం తీసినది ప్రకటన చిత్రమే.