కాపీరైటు తీరిన పుస్తకాలతో సంపాదన గురించి మేనకోడలికి

విశాఖపట్నం

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

కాపీరైటు తీరిపోయిన తెలుగు పుస్తకాలతో ఇంటర్నెట్‌లో నాలుగు డబ్బులు వస్తాయా అని అడిగావు. వస్తాయి. అయితే ఉన్న పుస్తకాన్ని ఉన్నట్టు ఎక్కించి అమ్మితే రావు. అదే పుస్తకం పక్కనే ఉచితంగా దొరుకుతుంటే డబ్బిచ్చి ఎవరు కొంటారు? నువ్వు దానికి కలిపిన పనికే ధర పలుకుతుంది. తప్పుల్లేని పాఠమో, అర్థం కాని మాటలకు వివరణో, చెవికింపుగా చదివిన గొంతో, మంచి అనువాదమో, ఏదో ఒకటి నీ చేతిపని అయ్యుండాలి.

పుస్తకం తెరిచేముందు రచయిత ఏ సంవత్సరంలో పోయాడో చూడు. మన 1957 కాపీరైటు చట్టం ప్రకారం రచయిత బతికినంతకాలం, ఆ పైన 60 ఏళ్లు హక్కు ఉంటుంది. ఆ 60 ఏళ్లూ పోయిన రోజు నుంచి కాక, మరుసటి జనవరి 1 నుంచి లెక్క. చిలకమర్తి లక్ష్మీనరసింహం 1946లో పోయారు కాబట్టి 2006 డిసెంబరు 31తో తీరింది. గురజాడ 1915, వీరేశలింగం 1919, గిడుగు రామమూర్తి 1940. వీళ్లతో మన దేశంలో బెంగ లేదు. మన ఊరివాడే కదా అని శ్రీశ్రీ జోలికి మాత్రం వెళ్లకు. ఆయన 1983లో పోయారు, 2043 చివరిదాకా హక్కు ఉంది. చలం 1979, అంటే 2039 దాకా. రావిశాస్త్రి 1993, అంటే 2053 దాకా. రచయిత పోయాక మొదటిసారి అచ్చయినవాటికీ, ఎవరు రాశారో తెలియనివాటికీ లెక్క వేరు. వాటికి అచ్చయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. మొదట్లో ఇలాంటి వాటిని ముట్టుకోకు.

పాత పుస్తకాల స్కాన్లు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ సైటులో కనిపిస్తోంది కాబట్టి ఉచితమేనని చాలామంది పొరబడతారు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో స్కాన్ అయిన పుస్తకాల్లో హక్కు తీరనివి బోలెడు ఉన్నాయి. స్కాన్ దొరకడం వేరు, హక్కు తీరడం వేరు.

ఒకే పుస్తకంలో కూడా పొరలుంటాయమ్మా. వేమన పద్యం ఎవరి సొత్తూ కాదు. దాని కింద తాత్పర్యం రాసిన పండితుడు మొన్న మొన్నటివాడైతే ఆ తాత్పర్యం ఆయనది. ముందుమాట రాసినవారిది ముందుమాట, అట్ట బొమ్మ వేసినవారిది బొమ్మ. కొత్త ముద్రణ నుంచి మూలం మాత్రం తీసుకో, మిగతావి వదిలెయ్. అన్నమయ్య విషయంలో ఇంకా జాగ్రత్త. సాహిత్యం 15వ శతాబ్దానిది, రాగిరేకుల మీద దొరికింది. కానీ పాత వరసలు చాలావరకు పోయాయి. ఇప్పుడు మనం వింటున్నవాటిలో ఎన్నో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, మన విశాఖలోనే ఉండిన నేదునూరి కృష్ణమూర్తి, బాలకృష్ణప్రసాద్ వంటి వాళ్లు కట్టినవి. రాళ్లపల్లి 1979లో, నేదునూరి 2014లో పోయారు. కాబట్టి మాటలు చదివి అర్థం చెప్పు, ఎవరికీ అభ్యంతరం ఉండదు. పాడాలంటే మాత్రం వరస ఎవరిదో తేల్చుకున్నాకే పాడు.

అమెరికా సైట్లలో అమ్మితే అక్కడి లెక్క కూడా చూడాలి. పాత పుస్తకాలకు అక్కడ అచ్చయిన ఏడాది నుంచి 95 ఏళ్లు. 1925లో వచ్చిన పుస్తకం అయితే తీరిపోయింది, 1938లో వచ్చినదైతే ఆగడం క్షేమం. అందుకే రచయిత పోయిన సంవత్సరం, మొదటి ముద్రణ సంవత్సరం రెండూ నోటు పుస్తకంలో రాసుకో. లోపలి పేజీలో ముద్రణ వివరాలున్న చోటు ఫొటో తీసి దాచు. రేపు ఏ సైటువాళ్లయినా రుజువు అడిగితే అదే నీకు ఆధారం.

ఇక ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి? కన్యాశుల్కంతో వద్దు. అది అందరి దగ్గరా ఉంది, పైగా 1897 కూర్పు, 1909 కూర్పు రెండూ చాలా తేడాగా ఉంటాయి. ఏది మూలంగా పెట్టుకున్నావో చెప్పకపోతే చదివినవాళ్లు నిలదీస్తారు. నా మాట విని వీరేశలింగంగారివో చిలకమర్తివారివో చిన్న ప్రహసనాలు, అంటే నవ్వించే నాటికలు, తీసుకో. 15, 20 పేజీల్లో అయిపోతాయి, సంభాషణలు కాబట్టి గొంతుకు బాగా అమరుతాయి, నవ్వు ఇప్పటికీ పండుతుంది. 10 ప్రహసనాలు కలిస్తే ఒక పుస్తకం. తెలుగు వికీసోర్స్‌లో ముందు వెతుకు, లేకపోతే ఆర్కైవ్‌లో. స్కాన్ దింపుకోగానే మొదటి పేజీ నుంచి చివరిదాకా పేజీ నంబర్లు సరిచూడు. మధ్యలో రెండు పేజీలు ఎగిరిపోవడం, కుట్టు దగ్గర అక్షరాలు మరుగున పడిపోవడం మామూలే. 60వ పేజీ దిద్దాక ఈ సంగతి బయటపడితే ఏడుపొస్తుంది. లోటున్న పేజీల కోసం ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలోనో, ఆంధ్రా యూనివర్సిటీ వీ.ఎస్. కృష్ణా లైబ్రరీలోనో అదే పుస్తకం ఉందేమో అడిగి చూడు.

స్కాన్‌ను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరిస్తే బొమ్మలోని అక్షరాలు టైపు చేసినట్టు వస్తాయి. అక్కడితో పని అయిపోయిందనుకునేవాళ్లే ఎక్కువ. అసలు పని అక్కడే మొదలవుతుంది. పాత అచ్చులో «వాఁడు గుఱ్ఱమెక్కి వచ్చెను» అని ఉంటే యంత్రం «వా(డు గుజ్జమెక్కి వచ్చెను» అని ఇస్తుంది. అరసున్నను (ఁ) బ్రాకెట్టు అనుకుంటుంది, బండిరను (ఱ) ఇంకేదో అనుకుంటుంది. ద, ధ తారుమారు. ప, వ తారుమారు. «మ» చోట «వు» పడుతుంది. వత్తు పై వరస నుంచి జారి కింది వరసలో తేలుతుంది. స్పెల్లింగు చూసే ప్రోగ్రాములు పాత తెలుగును పట్టుకోలేవు కాబట్టి కంటితోనే చూడాలి. ఎడమవైపు స్కాన్, కుడివైపు టైపు పెట్టుకుని పేజీకి 8, 10 నిమిషాలు ఇవ్వు. 100 పేజీలకు 15 గంటలు పడుతుంది. మొత్తం అయ్యాక రెండు రోజులు ఆగి, ఈసారి స్కాన్ చూడకుండా పైకి చదువు. నాలుక తడబడిన చోట తప్పు ఉన్నట్టే.

ఇప్పటి పాఠకుడికి వచనంలో అరసున్నలు, బండిరలు తీసెయ్యవచ్చు. పద్యంలో తీయకు, ప్రాసలో ర, ఱ తేడా పనిచేస్తుంది. ఏం మార్చావో ముందుమాటలో రెండు వాక్యాల్లో చెప్పు. మాటలు మాత్రం మార్చకు, రచయిత పేరు పైనే ఉండాలి. «సర్వహక్కులు మావి» అని రాయకు, మూలం నీది కాదు. ముందుమాట, అర్థవివరణల హక్కు మాత్రమే నీదని రాయి.

అర్థవివరణ అంటే నిఘంటువు దింపడం కాదు. పాత్ర «బేడ ఇచ్చాను» అంటే, «బేడ: రెండణాలు, రూపాయిలో 8వ వంతు. 1957లో నయాపైసలు వచ్చాక వాడుకలోంచి పోయింది» అని రాయి. కుర్ర పాఠకుడికి అప్పుడు ఆ బేరం బరువు తెలుస్తుంది. పేజీకి మూడు, నాలుగు వివరణలు చాలు. అంతకు మించితే కథ తెగుతుంది.

ఫాంట్ దగ్గర చాలామంది దెబ్బతింటారు. మన ఊరి డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో టైపు చేసి ఇస్తారు. అది ఏ ఫోన్‌లోనైనా, కంప్యూటర్‌లోనైనా ఒకేలా కనిపించే యూనికోడ్ పద్ధతి కాదు, ఫోన్‌లో తెరిస్తే పిచ్చిగీతలు వస్తాయి. యూనికోడ్‌లోనే టైపు చెయ్. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, గిడుగు, గురజాడ అని మంచి తెలుగు ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి, అమ్మే పుస్తకాల్లోనూ వాడుకోవచ్చు. ఈ-పుస్తకం సిజిల్, క్యాలిబర్ అనే ప్రోగ్రాముల్లో ఒకదానితో తయారుచేసి ఫాంట్‌ను లోపలే పొదుగు. తరవాత కనీసం రెండు ఫోన్లలో తెరిచి «క్ష్మి», «స్త్రీ» లాంటి అక్షరాలు చూడు. విడిపోయేది అలాంటివే.

ఇక అమెజాన్ వాళ్ల ఈ-పుస్తకాల అంగడి కిండిల్ గురించి. 2016లో అక్కడ హిందీ, తమిళం, మలయాళం, మరాఠీ, గుజరాతీ తెరిచినప్పుడు తెలుగును కలపలేదు. ఖాతా తెరిచే ముందు భాషల జాబితా చూసుకో. తెలుగు లేకపోతే నీ ఇంగ్లీషు ఇక్కడ పనికొస్తుంది. ప్రహసనాన్ని నువ్వే ఇంగ్లీషులోకి అనువదిస్తే ఆ అనువాదం నీ సొత్తు. ఉచిత ప్రతి దొరికే పుస్తకాన్ని కిండిల్‌వాళ్లు ఊరికే తీసుకోరు. సొంత అనువాదమైనా, సొంత వివరణలైనా, కనీసం 10 సొంత బొమ్మలైనా ఉండాలి, ఆ సంగతి శీర్షిక పక్కనే రాయాలి. యంత్రం చేత అనువాదం చేయిస్తే అది దాచకూడదు, అడుగుతారు. ఇలా హక్కు తీరిన (పబ్లిక్ డొమైన్) పుస్తకాలకు రాయల్టీ నూటికి 35 మాత్రమే. 99 రూపాయల ధర పెడితే నీకు వచ్చేది 34 చిల్లర, ఆపైన పన్ను. దాని మీద ఆశలు పెంచుకోకు. అచ్చు పుస్తకం కావాలంటే ఆర్డరు వచ్చినప్పుడే ఒక్కో కాపీ వేసిచ్చేవాళ్లు మన దేశంలో ఉన్నారు. పుస్తకానికి గుర్తింపు సంఖ్య అయిన ఐఎస్‌బీఎన్‌ను రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, దానికి ఎవరికీ డబ్బు కట్టకు.

నా ఉద్దేశంలో తెలుగుకు గొంతే దారి. చదవడానికి తీరిక లేనివాళ్లు బస్సులో, వంటింట్లో వింటారు. మీ ఇల్లు ఎన్ఏడీ కొత్తరోడ్డు దగ్గర కాబట్టి నౌకాదళం వాళ్ల స్థావరం ఐఎన్ఎస్ డేగా విమానాలతో బాధ తప్పదు. తెల్లవారుజామున నాలుగున్నరకు కూర్చో. ఫ్యాను ఆపాలి, ఫ్రిజ్ ప్లగ్ తీయాలి, ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. మన ఉక్కపోతలో ఒకేసారి గంట చదవలేవు, 15 నిమిషాలకోసారి ఆపి తలుపు తియ్. బట్టల బీరువా తెరిచి దాని ఎదురుగా కూర్చుని, వెనక రెండు బొంతలు వేలాడదీస్తే గది మోత తగ్గుతుంది. మైకు నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు పెట్టు. సూటిగా పెడితే ప, ఫ, భ పలికినప్పుడల్లా గాలి కొట్టి టప్‌మంటుంది.

చదివేముందు అర నిమిషం ఊరికే రికార్డు చెయ్. ఆడాసిటీ అనే శబ్దం దిద్దే ప్రోగ్రాములో ఆ నిశ్శబ్దాన్ని నమూనాగా చూపించి మిగతా చోట్ల హోరు తీసెయ్యవచ్చు. ఎక్కువ తీస్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుంటుంది, కొంచెం హోరు మిగిలినా ఫరవాలేదు. తప్పు చదివితే ఆపకు. చప్పట్లు ఒకసారి కొట్టి ఆ వాక్యం మొదటి నుంచి మళ్లీ చదువు. తరవాత తెర మీద ఆ చప్పుడు నిటారుగా కనిపిస్తుంది, కోయడం తేలిక. శబ్దం ఎక్కడా మైనస్ 3 డెసిబెల్స్ దాటనివ్వకు. గంట ఆడియోకు నాలుగు, ఐదు గంటల పని అవుతుంది. వెనక సంగీతం పెట్టకు. త్యాగరాజ కీర్తన పాతదే, దాన్ని పాడిన రికార్డు పాతది కాదు. రికార్డుకు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ల హక్కు వేరే ఉంది. యూట్యూబ్ దాన్ని ఇట్టే పట్టేసి నీ ప్రకటనల డబ్బు వాళ్లకు మళ్లిస్తుంది.

యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయానికి 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, గత 12 నెలల్లో 4,000 గంటల వీక్షణం ఉండాలి. స్కాన్ పేజీలు తిప్పుతూ యంత్రం గొంతుతో వందల వీడియోలు పోసేవాళ్లను డబ్బుల దగ్గర తిరస్కరిస్తున్నారు. నీ గొంతు, మొదట రెండు నిమిషాలు ఆ ప్రహసనం ఏ కాలానిదో, అందులో ఎవరిని వెక్కిరించారో నీ మాటల్లో చెప్పడం, ఈ రెండూ ఉంటే ఆ బాధ ఉండదు. వారానికి ఒకటే పెట్టు, కానీ తప్పకుండా ఒకే రోజున పెట్టు. మొదటి ఏడాది డబ్బు వస్తుందని లెక్క వేసుకోకు, ఉద్యోగం మానకు.

యూట్యూబ్ ఆదాయం 10 డాలర్లు దాటాక గూగుల్ చిరునామా సరిచూడటానికి పోస్టులో ఒక పిన్ నంబరు పంపుతుంది. డోరు నంబరు, వీధి, పిన్‌కోడు మీ పోస్ట్‌మన్‌కు తెలిసే తీరులో రాయి. 100 డాలర్లు చేరితేగాని డబ్బు బ్యాంకులో పడదు. అమెరికా పన్ను ఫారం డబ్ల్యూ-8 బెన్‌లో పాన్ నంబరు తప్పక వెయ్. వేస్తే అమెరికా వైపు రాయల్టీ మీద 15 శాతం పట్టుకుంటారు, వదిలేస్తే 30 దాకా పోతుంది. ఇక్కడ రిటర్నులో కూడా ఆ ఆదాయం చూపించు.

వచ్చే నెలలోపు ఒక్క ప్రహసనం, మొదటి 10 పేజీలు దిద్ది, స్కాన్‌తో పాటు నాకు పంపు. అరసున్నలు తీసేశావా, ఉంచావా కూడా రాయి. ఎర్ర పెన్నుతో చూసి తిప్పి పంపుతాను.

ఇట్లు
మీ మావయ్య