ఇసుకలో ముందు బ్రేకు ముట్టుకోవద్దు పాపా

పాపా,

నీ మెసేజ్ చూశాను. గేర్ల సైకిల్ కొని ఆరు నెలలైందనీ, తారురోడ్డు మీద 50 కిలోమీటర్లు ఆగకుండా తొక్కగలుగుతున్నావనీ, ఇక మట్టిబాట పట్టాలని ఉందనీ రాశావు. చాలా సంతోషం. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే రాస్తున్నాను. దారిలో ఆగినప్పుడు తీసి చదువుకో.

ముందుగా ఒక మాట. కొత్తగా నేర్చుకునేవాళ్ళు పెద్దగా పడరు, భయమే వాళ్ళను కాపాడుతుంది. చేయి తిరిగినవాళ్ళూ తక్కువే పడతారు. ఎముకలు విరగ్గొట్టుకునేది ఇప్పుడు నువ్వున్న దశలోనే. కాళ్ళకు బలం వచ్చింది, ఊపిరి నిలుస్తోంది, కంటికి మాత్రం నేల సంగతి ఇంకా తెలియదు. ఇంటి ముందర సిమెంటు రోడ్డు మీద ఎంత తొక్కినా అది రాదు. మట్టిలో నెమ్మదిగా, దిగుతూ ఎక్కుతూ తిరిగితేనే వస్తుంది.

నీకు సరిపోయే చుట్టు ఒకటి చెబుతాను. కపిలతీర్థం దగ్గర మొదలుపెట్టి, అలిపిరి మీదుగా జూపార్కు రోడ్డు పట్టుకుని చెర్లోపల్లి, అక్కణ్ణుంచి శ్రీనివాసమంగాపురం. ఇంతవరకు తారే, ఒళ్ళు వేడెక్కడానికి పనికొస్తుంది. మంగాపురం దాటాక పెద్దరోడ్డు వదిలి, పొలాల మధ్య మట్టిబాటల్లో తొండవాడ, ఆ తర్వాత చంద్రగిరి. బాట చీలిన ప్రతిచోటా ఫోన్ మ్యాపును నమ్ముకోకుండా, పొలంలో కనిపించిన మనిషిని అడుగు. ఏ బాట కంచె దగ్గర ఆగిపోతుందో, ఏ వంకలో నీళ్ళున్నాయో వాళ్ళకే తెలుసు. చంద్రగిరి కోట చూసుకుని రోడ్డు మీదుగా తిరుపతికి వచ్చేయొచ్చు. అంతా కలిపి 35 నుంచి 40 కిలోమీటర్లు. నీకు దూరం లెక్కలోది కాదు. మధ్యలో ఉన్న మట్టే నీకు పాఠం.

పొద్దున్నే పడమరకు పోతావు కాబట్టి ఎండ వీపు మీద ఉంటుంది. హాయిగా ఉంటుంది కానీ, అప్పుడు రాళ్ళ నీడలు రాళ్ళ వెనకే పడి నేలంతా చదునుగా కనిపిస్తుంది. మంగాపురం దాటగానే అందుకే వేగం తగ్గించు. తిరిగి వచ్చేటప్పుడు ఎండ ముఖాన కొడుతుంది, ఎదురొచ్చే లారీ కూడా సరిగ్గా ఆనదు. టోపీ ముందంచు ఉన్న హెల్మెట్ అయితే నయం. హెల్మెట్ లేకుండా గేటు దాటొద్దని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

టైర్ల గురించి కాస్త ఎక్కువే చెబుతాను, మన నేలకు అవే ప్రాణం. షాపులో రాయిలాగా గాలి కొట్టి పంపిస్తారు. మట్టిలో అంత గాలి ఉంటే చక్రం ప్రతి రాయి మీదా ఎగురుతుంది, పట్టు దొరకదు. నీ బరువుకు, ట్యూబు ఉన్న ఆ లావు టైర్లకు గాలి ఒత్తిడి 28 నుంచి 32 పీఎస్ఐ (పంపు మీటరు చూపించే లెక్క) చాలు, వెనక చక్రానికి రెండు ఎక్కువ ఉండనీ. మరీ తగ్గిస్తే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి, పాము కాటేసినట్టు పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి.

అంతకంటే పెద్ద శత్రువు పల్లేరు కాయ. వానలు పోయి తీగ ఎండిపోయాక కాయలు బాట మీదే రాలి ఉంటాయి. ఏ వైపు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. పంక్చర్ అయితే ట్యూబు మార్చేసి వెంటనే బయల్దేరొద్దు. టైరు లోపల చిన్న దూది ముక్కతో చుట్టూ మెల్లగా తుడువు. ముల్లు ఉన్నచోట దూది పోగు పట్టుకుంటుంది, వేలికి గుచ్చుకోదు. అది తీయకుండా కొత్త ట్యూబు వేస్తే పది నిమిషాల్లో అదీ పోతుంది. ఒకసారి చెరువు కట్ట మీద కూర్చుని రెండు ట్యూబులు అలాగే పోగొట్టుకుని, సైకిల్ నడిపించుకుంటూ ఇల్లు చేరాను. రెండు ట్యూబులు, ప్యాచ్ డబ్బా, పంపు, బోల్టులు బిగించే అలెన్ కీలు, ఒక చైన్ లింకు నీ దగ్గర ఉండాలి. గుప్పెడు దూది కూడా.

ఇప్పుడు నేల. కొండ కింది మన నేల చాలావరకు గ్రానైటు అరిగి రాలిన గరుసు. గట్టినేల మీద సన్నగా పరుచుకుని ఉంటుంది. అరుగు మీద రాగులు పోసి వాటి మీద నడిస్తే ఎలా ఉంటుందో, ఆ వాలులో సైకిల్ అలా ఉంటుంది. మలుపు రాకముందే, ఇంకా నిటారుగా ఉండగానే బ్రేకు వేసి వేగం తగ్గించుకో. మలుపులో ఉండగా బ్రేకు వేస్తే చక్రం పక్కకు జారుతుంది. చూపు ముందు చక్రం మీద కాకుండా, నాలుగైదు గజాల అవతల పోవాల్సిన చోట పెట్టు. రాయినే చూస్తూ పోతే రాయికే తగులుతావు.

ఇసుకది ఇంకో తీరు. తొండవాడ దగ్గర అగస్త్యేశ్వరుడి గుడి ఉంది కదా, స్వర్ణముఖిలో కల్యాణి, భీమా నదులు కలిసే చోటు. ఆ చుట్టుపక్కల బాటలు ఏటి ఇసుకలోకి దిగుతాయి. పదకొండేళ్ళ కిందట అక్కడే నేను పడ్డాను. గట్టు మీంచి జోరుగా దిగి, ఇసుక కనబడగానే బెదిరి ముందు బ్రేకు పట్టేశాను. ముందు చక్రం దిగబడి నిలిచిపోయింది, నేను హ్యాండిల్ మీదుగా అవతల పడ్డాను. కుడి భుజం దగ్గర ఎముక విరిగింది. నెలకు పైగా ఎడమచేత్తో అన్నం తిన్నాను, మీ పెద్దమ్మ నా చొక్కా గుండీలు పెట్టేది. ఆ ఎముక విరిగిన చప్పుడు నాకు ఇంకా చెవిలో ఉంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఇసుకలోకి దిగకముందే ఒక గేరు తగ్గించు, ఒళ్ళు కాస్త వెనక్కి వేసి, హ్యాండిల్ వదులుగా పట్టుకుని, ఆపకుండా తొక్కు. సైకిల్ కాస్త అటూ ఇటూ ఊగుతుంది, ఊగనీ. కుదరకపోతే దిగి నడిపించు. పక్కన స్నేహితులున్నారని నామోషీ పడొద్దు.

ఏ చేతిది ముందు బ్రేకో ఇంటి ముందరే చూసి పెట్టుకో, అన్ని సైకిళ్ళకూ ఒకేలా ఉండదు. ఒక్క వేలితో పట్టడం అలవాటు చేసుకో.

ఎగువకు ఎక్కేటప్పుడు లేచి నిలబడి తొక్కితే గరుసులో వెనక చక్రం ఉట్టినే తిరుగుతుంది. సీటు ముందు కొసకు జరిగి, మోచేతులు వంచి, చిన్న గేరులో సమంగా తొక్కు. ఎత్తు మొదలవ్వకముందే గేరు మార్చు. బరువు మీద మారిస్తే చైను తెగుతుంది. దిగేటప్పుడు సీటు రెండంగుళాలు దించి, పెడళ్ళు సమానంగా పెట్టి, మోకాళ్ళు వదులుగా ఉంచు.

కొండ వైపు పోయే బాటలు నిన్ను పిలుస్తాయి. చక్కగా నీడగా కూడా ఉంటాయి. పోవద్దు. అది శేషాచలం అడవి. 1989లో జాతీయ పార్కు అయింది, 2010లో బయోస్ఫియర్ రిజర్వు అయింది. అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగుపెడితే కేసు పెడతారు. ఎర్రచందనం దొంగల కోసం రాత్రింబవళ్ళు కాపలా కాస్తున్నారు, చీకట్లో అక్కడ నీ తల మీద లైటు చూసి ఎవరేమనుకుంటారో ఆలోచించు. చిరుతల సంగతి నీకు తెలిసిందే. 2023లో అలిపిరి నడకదారిలో పోయిన ఆ పసిబిడ్డ తలపుకు వస్తే ఇప్పటికీ మనసు ఒకలాగా అయిపోతుంది. చంద్రగిరి వైపు తోటల్లోకి ఏనుగులూ దిగుతున్నాయి. కాబట్టి బాగా తెల్లవారాకే బయల్దేరు, పది గంటలకల్లా మట్టి వదిలి రోడ్డెక్కేయ్. రాత్రి ఏనుగులు వచ్చాయని ఊళ్ళో ఎవరన్నా చెబితే ఆ రోజుకు తారురోడ్డే.

ఇప్పుడు మామిడి పూత మీద ఉంది. తోటల్లో మందు కొడుతుంటారు, ఆ గాలిలో ఆగొద్దు. గేటు తెరిచి పోతే మళ్ళీ మూసి పో. గొర్రెల మంద ఎదురైతే బెల్లు కొట్టకుండా పక్కకు దిగి నిలబడు, కాపరికి ఒక మాట చెబితే ఆయనే దారి చేస్తాడు. కుక్కలు వెంటపడితే దిగి, సైకిల్‌ను మధ్యలో పెట్టుకుని నడువు. మనం తొక్కేది వాళ్ళ బతుకుదెరువు బాటలో పాపా, ఒక సైకిల్ మనిషి గెనిమ (పొలం గట్టు) తొక్కి పాడుచేస్తే రేపు వచ్చేవాళ్ళకు ఆ బాట మూసేస్తారు.

కోట గుట్ట మెట్ల మీదికి సైకిల్ ఎక్కించొద్దు. అది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు. సైకిల్ కింద తాళం వేసి, రాజమహల్ లోపల తిరిగి చూడు. కర్ర వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో అన్ని అంతస్తులు నిలబెట్టారు. ఆ నీడలో పావుగంట కూర్చుంటే కాళ్ళు మళ్ళీ నీవవుతాయి.

నీళ్ళు నీకూ నీ స్నేహితురాలికీ చెరో రెండు లీటర్లు. దాహం వేయకముందే పదిహేను నిమిషాలకోసారి రెండు గుక్కలు తాగాలి. బయల్దేరేముందు కడుపునిండా ఇడ్లీలు తినొద్దు, ఒక గ్లాసు రాగి అంబలి చాలు. మార్చి దాటాక ఈ చుట్టు మానేయ్, అప్పటి ఎండ నీ వయసుకు కూడా మంచిది కాదు. అక్టోబరు, నవంబరు వానల్లో వంక పారుతుంటే మోకాలి లోతే కదా అని దిగొద్దు. 2021 నవంబరులో ఈ స్వర్ణముఖే ఎలా పారిందో మీ నాన్నను అడుగు.

ఒంటరిగా మాత్రం పోవద్దు. నీ స్నేహితురాలు వస్తానందన్నావు కదా, ఇద్దరి ఫోన్లూ నిండా చార్జింగ్ పెట్టి, ఏ బాటలో పోతున్నారో అమ్మకు చెప్పి రండి. శనివారం సాయంత్రం నీ సైకిల్ తీసుకుని ఇంటికి రా. చైను, బ్రేకు ప్యాడ్లు, చక్రాల బిగింపు ఇద్దరం చూద్దాం. ఆదివారం ఎనిమిదింటికి తొండవాడ గుడి దగ్గర స్కూటర్ మీద వచ్చి ఉంటాను. అక్కడ ఏటి ఇసుకలోకి దిగే చోటు నేను చూపిస్తాను, నేను వచ్చేదాకా దాన్ని దాటొద్దు. మీ పెద్దమ్మ మీ ఇద్దరికీ చెనక్కాయల ఉండలు చుట్టి ఇస్తానంది.

నీ పెదనాయన
చంద్రగిరి