ట్రాక్ చేయవద్దని కోరే సెట్టింగ్ ఇంకా అవసరమా?

ప్రశ్న: ప్రకటనలను అడ్డుకునే ఒక బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌ను మేము నలుగురు మిత్రులం కలిసి రూపొందించి, ఉచితంగా అందిస్తున్నాం. అందులో మొదటి నుంచీ ‘డూ నాట్ ట్రాక్’ అనే సెట్టింగ్ ఉంది. వాడుకరుల కదలికలను గమనించే ట్రాకర్లను ఎలాగూ అడ్డుకుంటున్నాం కనుక అది దండగ అని ఒకరు, ఉంటే వచ్చే నష్టమేమిటని మరొకరు వాదిస్తున్నారు. తీసేయవచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: తీసేయడమే మంచిది. నా కదలికలను గమనించవద్దని వెబ్‌సైట్‌కు పంపే విజ్ఞప్తి మాత్రమే అది. మన్నించి తీరాలన్న నిర్బంధం లేకపోవడంతో చాలా సంస్థలు దాన్ని పట్టించుకోలేదు. ఆ ప్రమాణాన్ని రూపొందిస్తున్న డబ్ల్యూ3సీ (వెబ్ ప్రమాణాలను నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ) బృందం 2019 జనవరిలో పని ముగించగా, అదే ఏడాది సఫారీ, 2025లో 135వ వెర్షన్‌తో ఫైర్‌ఫాక్స్ ఆ సెట్టింగ్‌ను తొలగించాయి.

మీరు అడ్డుకునే జాబితాలో ఉన్న ట్రాకర్‌కు బ్రౌజర్ నుంచి అసలు అభ్యర్థనే వెళ్లదు కనుక ఈ విజ్ఞప్తి చేరదు. జాబితాలో లేనిదానికి చేరినా అది మన్నిస్తుందన్న నమ్మకం లేదు. ఇక నష్టం మాటకొస్తే, కొద్దిమందే పంపే ఈ సంకేతం, తెర కొలతలు, ఫాంట్ల వంటి వివరాలతో కలిసి మనిషిని గుర్తుపట్టేందుకు మరో ఆనవాలుగా మారుతుంది. సఫారీ నుంచి తొలగించినప్పుడు ఆపిల్ చెప్పిన కారణం కూడా ఇదే. అంతకంటే నన్ను బాధించేది, టిక్కు పెట్టినవారికి లేని రక్షణ ఉన్నట్టు తోచడం.

ఉంచాలనే మీ మిత్రుడి వాదనకూ ఒక ఆధారం ఉంది: లింక్డిన్‌పై 2023లో ఇచ్చిన తీర్పులో బెర్లిన్ ప్రాంతీయ న్యాయస్థానం ఈ సంకేతాన్ని వాడుకరి చెల్లుబాటయ్యే అభ్యంతరంగా పరిగణించింది. అయినా చట్టబలం కోరుకునేవారికి, నా సమాచారాన్ని అమ్మవద్దని, ఇతరులతో పంచుకోవద్దని వెబ్‌సైట్‌కు చెప్పే ‘గ్లోబల్ ప్రైవసీ కంట్రోల్’ అనే సంకేతం మేలు. దాన్ని లెక్కచేయకపోవడం కూడా ఒక అభియోగంగా ఉన్న కేసులో సెఫోరా సంస్థ 2022లో కాలిఫోర్నియాకు 12 లక్షల డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకుంది. మీ ఎక్స్‌టెన్షన్‌లో ఈ రెండు సంకేతాలూ ఒకే టిక్కు కింద ఉంటే ముందు విడదీయండి, రెండోదాన్ని ఉంచండి.

తొలగించే తీరులో మాత్రం తొందర వద్దు. తెర మీది టిక్కుపెట్టెను తీసేసి లోపలి విలువను అలాగే వదిలేస్తే, పాత వాడుకరుల బ్రౌజర్లు ఆ హెడర్‌ను (ప్రతి అభ్యర్థనతో పాటు వెళ్లే ఆ సంకేతాన్ని) పంపుతూనే ఉంటాయి, ఆపుకునే దారి వారికి ఉండదు. అందువల్ల హెడర్‌ను జతచేసే నియమాన్నీ, దాచిన విలువనూ కలిపి తొలగించాలి. పాత బ్యాకప్ ఫైలులో ఆ సెట్టింగ్ పేరు కనబడితే, దిగుమతి ఆగిపోకుండా దాన్ని మాత్రం విడిచిపెట్టేలా రాయండి. ఎందుకు తొలగించారో కొత్త వెర్షన్ వివరాల్లో రెండు వాక్యాల్లో చెప్పండి.