గోకనివ్వకు తల్లీ, ముందు ఇది చదువు

బుజ్జీ,

నువ్వు పంపిన ఫొటో చూశానే. పిల్లాడి కాళ్ళ మీద దోమలు కుట్టిన దద్దుర్లు సరే, చీలమండ దగ్గర ఆ రెండూ మాత్రం గోకి గోకి పుండు చేసేసుకున్నాడు, అది దోమ పని కాదు గోళ్ళ పని. నా మోకాలి కింద నల్ల మచ్చ చూశావుగా, అదీ అంతే, చిన్నప్పుడు నిద్దట్లో గోక్కుని, పక్కు కట్టగానే మళ్ళీ లేపుకుని, చివరికి చీము పట్టించుకున్నా. మచ్చ అలాగే ఉండిపోయింది.

ఆడదోమ కుట్టినప్పుడు రక్తం గడ్డకట్టకుండా కాస్త లాలాజలం లోపలికి వదుల్తుంది, అది మన ఒంటికి పడక హిస్టమిన్ అనేది విడుదలై అక్కడ ఉబ్బుతుంది, దురద పుడుతుంది. గోకితే ఆ నిమిషానికి హాయిగానే ఉంటుంది, నాకు తెలీదా ఏంటి, కానీ గోకేకొద్దీ వాపు పెరిగి ఇంకా దురదెక్కుతుంది, ఇంక అది ఆగదు. కాబట్టి కుట్టిన వెంటనే నువ్వు చేసేదే ముఖ్యం. సబ్బుతో కడుగు, తర్వాత ఐసు ముక్కని గుడ్డలో చుట్టి ఓ పది నిమిషాలు పెట్టు, ఐసు నేరుగా చర్మానికి తగలనివ్వకు. సగం దురద అక్కడే పోతుంది. వాడు ఒప్పుకోకపోతే తడిగుడ్డ ఫ్రిజ్‌లో పెట్టి అది వేస్తే సరి.

ఐసు తీశాక కాలమైన్ లోషన్ పూసి ఆరనివ్వు. అది లేకపోతే ఒక స్పూను బేకింగ్ సోడాలో పేస్ట్ అయ్యేంత నీళ్ళు కలిపి రాసి పది నిమిషాలకి కడిగెయ్, చర్మం చిట్లిన చోట మాత్రం వద్దు. పెద్దవాళ్ళకి బాగా ఉబ్బితే ఒక శాతం హైడ్రోకార్టిసోన్ క్రీము పల్చగా నాలుగైదు రోజులు రాసుకోవచ్చు, దాన్నీ పుండు మీద పెట్టకూడదు. పిల్లాడికి క్రీమైనా, రాత్రి నిద్రపట్టేలా దురద తగ్గించే సెట్రిజిన్ లాంటి అలర్జీ మందైనా, డాక్టర్ని అడిగి వయసుకి తగ్గ డోసే ఇవ్వు, మనకి ఇచ్చే మాత్ర సగం విరిచి వెయ్యకు.

నిమ్మరసం రాయమని ఎవరో ఒకళ్ళు చెప్తారు, వినకు. నేను ఒకసారి రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలిపోయి గోధుమరంగు చారలు పడ్డాయి, దురద రెండ్రోజుల్లో పోయింది కానీ చారలు నెలలున్నాయి. వేడి చెంచా అంటించడం కూడా పిల్లల దగ్గర అస్సలొద్దు, కాలుతుంది. గోటితో ఇంటూ మార్కు పెట్టడం మనందరికీ సరదా, అదీ గోకడమే కదా.

వాడికి మీకంటే పెద్ద పెద్ద దద్దుర్లు వస్తున్నాయని కంగారు పడకు, పిల్లల ఒంటికి ఆ లాలాజలం ఇంకా అలవాటు కాలేదు, ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గుతుంది. కానీ ఎరుపు రోజురోజుకీ పాకుతుంటే, ముట్టుకుంటే వేడిగా ఉంటే, చీము కారితే ఇంట్లో కూర్చోకు. పెదాలు ఉబ్బినా ఊపిరి ఆడకపోయినా క్షణం ఆగొద్దు. కుట్టిన రెండు వారాల్లోపు జ్వరం వస్తే పరీక్ష చేయించు, ఈలోపు పారాసెటమాల్ తప్ప ఇంకేం వద్దు, డెంగీ అయితే ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వల్ల రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది.

ఇక అసలు కుట్టకుండా. మీ బాల్కనీలో కుండీల కింద ప్లేట్లున్నాయి కదా, ఒకటి తీసి వెలుతుర్లో చూడు, సన్న దారం ముక్కల్లాంటివి తలకిందులుగా వేలాడుతుంటాయి, వేలితో ప్లేటు అంచు మీద కొట్టగానే గిలగిలా కొట్టుకుంటూ అడుక్కి పోతాయి, అవే దోమ పిల్లలు. గుడ్డు దోమ కావడానికి వారం పదిరోజులు చాలు కాబట్టి వారానికొక రోజు పెట్టుకుని నీళ్ళు పారబొయ్యి, ఊరికే ఒంపేసి వదిలెయ్యకు, డెంగీ దోమ గుడ్లు ప్లేటు, బకెట్టు లోపలి గోడకి అతుక్కుని ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి, బ్రష్‌తో రుద్ది కడుగు. ఫ్రిజ్ వెనకాల ట్రే, కూలరు, వాడని బకెట్టు అన్నీ చూడు.

ఆ డెంగీ దోమ ముఖ్యంగా పగలు కుడుతుంది, పొద్దున్నా సాయంత్రం చీకటి పడేముందూ ఎక్కువ, కాబట్టి రాత్రి ఒక్కటే దోమతెర కడితే కాదు, పిల్లాడు మధ్యాహ్నం పడుకున్నా కట్టు, అంచులు పరుపు కిందకి దోపు. ఫ్యాను తిప్పు, దోమకి గాలికి ఎదురెగిరే బలం ఉండదు, పైగా మన ఊపిరి వాసన పట్టుకుని వచ్చేది, గాలికి ఆ వాసన చెదిరిపోతుంది. బయటికెళ్తే లేత రంగు పొడుగు చేతుల బట్టలు. దోమలు రాకుండా పూసుకునే మందు కొంటే డబ్బా మీద డీట్ గానీ పికారిడిన్ గానీ ఉందో లేదో చూడు, సన్‌స్క్రీన్ రాసేది ఉంటే అది ముందు, ఇది తర్వాత. ముఖానికి కొట్టకు, నీ చేతికి తీసుకుని రాయి, వాడి అరచేతులకి అస్సలు రాయకు, నోట్లో పెట్టుకుంటాడు. చప్పుడుతో దోమల్ని తరిమే మిషన్లు, చేతికి కట్టే బ్యాండ్లు కొని డబ్బులు తగలెయ్యకు.

గోళ్ళు మాత్రం ఇవాళే కత్తిరించు, వాడు నిద్రపోయాక చెయ్యి, మెలకువగా ఉంటే పేచీ పెడతాడు.

మీ పెద్దమ్మ