ముందు గాలి ఎటో చూడు

చి. అమ్మలుకి,

పెద్దనాన్న ఆశీస్సులు. నువ్వూ అల్లుడూ జూలైలో ఈ కాన్సస్ రాష్ట్రంలోని హేస్ వచ్చేస్తున్నారని మీ నాన్న ఫోన్ చేశాడు. చిన్న ఊళ్లో మూడేళ్లు డాక్టరుగా చేయాలన్న వీసా షరతు మీదే నేనూ ఈ ఎల్లిస్ కౌంటీకి వచ్చాను. ఆ మూడేళ్లు కాస్తా ఇరవై ఆరయ్యాయి. ఉద్యోగం గురించి నీకు నేను చెప్పేదేమీ లేదు. కానీ "హ్యూస్టన్‌లో ఎండలూ తుఫాన్లూ చూసినవాళ్లం, మాకేం భయం" అన్నావట. అక్కడి తుఫాను పేరు పెట్టించుకుని, నాలుగు రోజుల ముందే కబురు పంపి మరీ వస్తుంది. ఇక్కడ పొద్దున చూసిన ఆకాశం సాయంత్రానికి ఉండదు.

నేనూ మొదట మోసపోయాను. ఏడాదికి సగటున 23 అంగుళాల వాన, అంటే మన అనంతపురం కన్నా ఓ అంగుళం ఎక్కువ, అంతే. చెట్లు లేక కంచెలకి సున్నపురాతి స్తంభాలు పాతుకున్న నేల. ఇదీ మన సీమలాంటిదే కదా అనుకున్నా. అయితే మన దగ్గర కార్తెలున్నాయి. ఏ కార్తెలో ఏమవుతుందో మీ తాత అరుగు మీద కూర్చుని చెప్పేసేవాడు. ఇక్కడ ఆ లెక్క సాగదు. ఇక్కడ చూడాల్సింది గాలి.

మ్యాప్ తీసి చూడు. దక్షిణాన గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి ఉత్తరాన కెనడా దాటేదాకా గాలికి అడ్డుపడే కొండల వరస లేదు. పడమర రాకీ పర్వతాలు దిగి వచ్చే గాలిలో తడి ఉండదు. తడి గాలి, చలి గాలి, పొడి గాలి, మూడూ వచ్చి కొట్టుకునేది మన నెత్తిమీదే. కాన్సస్ అనే పేరు ఓ తెగ పేరు నుంచి వచ్చింది. దానికి దక్షిణపు గాలి జనం అని అర్థం చెబుతారు.

ఉత్తరపు గాలి సంగతి నాకు తెలిసింది మొదటి నవంబర్‌లో. పొద్దున 65 డిగ్రీల ఫారెన్‌హీట్, మన సెల్సియస్ లెక్కలో 18. చొక్కా మీదే పక్క ఊరి క్లినిక్‌కి వెళ్లాను. మధ్యాహ్నం కిటికీలోంచి చూస్తే, బయట ఉత్తరం వైపు ఎగురుతున్న జెండా ఒక్కసారి చప్పబడి, టపాటపా కొట్టుకుంటూ దక్షిణం వైపు తిరిగింది. రిసెప్షన్‌లో ఉన్నావిడ జెండానీ చూసింది, నన్నూ చూసింది. "డాక్టర్, మీ కోటేది?" అంది. నేను నవ్వి ఊరుకున్నా. రెండు గంటల్లో 25 డిగ్రీలకు, అంటే సెల్సియస్‌లో మైనస్ 4కి, పడిపోయింది. సన్నని జల్లు రోడ్డు మీద పడ్డది పడ్డట్టే గడ్డకట్టింది. తిరిగొచ్చేటప్పుడు నా కారు జారి పక్క కాలువలోకి దిగింది. ఓ రైతు పికప్‌లో వచ్చాడు. గొలుసు కట్టి లాగాడు. తిడతాడనుకున్నా. సీటు వెనక నుంచి ఓ పాత దుప్పటి తీసి నా చేతిలో పెట్టి, "ఇది కార్లోనే ఉంచుకోండి" అని వెళ్లిపోయాడు.

కాబట్టి అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా, ఎంత ఎండ కాస్తున్నా కోటూ గ్లవ్సూ కార్లోనే ఉండాలి. పారా, ఇసుక సంచి, నీళ్లు, సగానికి తగ్గని పెట్రోలు ట్యాంకు. మంచులో ఇరుక్కుపోతే కారు దిగి నడవద్దు. ఎదుట ఇల్లు కనబడుతున్నా సరే, విసిరికొట్టే మంచులో రెండడుగులకే దారి తప్పుతావు. గంటకో పది నిమిషాలు ఇంజిన్ వేసుకో, కానీ ముందు దిగి సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసెయ్. అది మూసుకుపోతే ఆ పొగ లోపలికొచ్చి ఏం చేస్తుందో నీకు చెప్పక్కర్లేదు. ఐ-70 హైవేకి మన రైల్వే గేట్లలాంటివి ఉన్నాయి, తుఫానప్పుడు హేస్ దగ్గర వేసేస్తారు. గేటు పడ్డాక, హాస్పిటల్ నుంచి ఎంత అర్జెంటని ఫోనొచ్చినా అడ్డదారులు వెతకొద్దు.

ఇంట్లో సంగతి మీ పెద్దమ్మ చెబుతుంది. ఫారెన్‌హీట్ జీరోకి దగ్గరపడే రాత్రుల్లో సింకు కింది అలమర తెరిచి, కుళాయి సన్నగా వదలడం మరిచిపోవద్దు. మేము ఒక్కసారి మరిచాం. పైపు పగిలి వంటిల్లు చెరువైంది.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా దక్షిణపు గాలి. రెండు రోజులు వరసగా చెమట జిడ్డు పట్టించి, మూడో రోజు మధ్యాహ్నం పడమట కాలీఫ్లవర్‌లా మబ్బు పైకి లేస్తే ఇక ఫోన్ దగ్గర పెట్టుకో. వాచ్ అంటే టోర్నడోకి అనువుగా ఉంది, కనిపెట్టుకుని ఉండమని. వార్నింగ్ అంటే వచ్చేసింది, బేస్‌మెంట్‌లోకి దిగమని. సైరన్ మోగగానే ఇక్కడి మగాళ్లంతా చూడ్డానికి వరండాలోకి వస్తారు. నేనూ వచ్చాను. మీ పెద్దమ్మ తిట్టిన తిట్లకి సైరన్ వినబడలేదు. అల్లుడికి ఈ సరదా అంటనివ్వకు.

ఇల్లు చూసేటప్పుడు వంటిల్లు ఎంత, బాత్‌రూములెన్ని అని కాదు, ముందు బేస్‌మెంట్ ఉందా అని అడుగు. ఇక్కడికి దక్షిణంగా రెండు గంటల దారిలో గ్రీన్స్‌బర్గ్ అని ఓ ఊరుంది. 2007 మే 4 రాత్రి మైలున్నర పైగా వెడల్పున్న టోర్నడో 1,400 మంది ఉన్న ఆ ఊరిని దాదాపు తుడిచిపెట్టేసింది. ఆ టోర్నడోకి 11 మంది పోయారు. సైరన్ ముందే మోగింది, జనం బేస్‌మెంట్లలోకి దిగారు. లేకపోతే ఆ లెక్క ఎక్కడ ఆగేదో.

వడగళ్లకి మాత్రం బేస్‌మెంట్ అక్కర్లేదు, గ్యారేజీ చాలు. కారు బయట పెట్టి పడుకుంటే పొద్దునకి ఇడ్లీ రేకులా తేలుతుంది. ఇన్సూరెన్స్‌లో వడగళ్లు కలిశాయో లేదో ఇప్పుడే చూసుకో. ఓసారి మా పెరట్లో పడ్డ కోడిగుడ్డంత వడగల్లుని మీ పెద్దమ్మ ఫ్రీజర్‌లో దాచింది. కత్తి వేడిచేసి కోసి చూశాం. లోపల ఉల్లిపాయలా పొరలు, ఒకటి తెల్లగా, ఒకటి గాజులా. మబ్బులో ఎన్ని రకాల తడీ చలీ దాటుకొచ్చిందో! ఇదే రాష్ట్రంలో కాఫీవిల్‌లో 1970లో పడ్డది ముప్పావు కిలో తూగింది.

పడమటి గాలి ఎప్పుడో గాని విజృంభించదు. 2021 డిసెంబర్ 15న ఆ గాలికి దుమ్ము లేచి పట్టపగలు హెడ్‌లైట్లు వేసుకున్నాం. అదే గాలికి మన కౌంటీతో పాటు పక్క కౌంటీల్లో లక్ష ఎకరాలకు పైగా తగలబడింది. రెడ్ ఫ్లాగ్ వార్నింగ్, అంటే నిప్పు అంటుకుంటే ఆగదన్న హెచ్చరిక, ఉన్న రోజు పెరట్లో బార్బెక్యూ పెట్టొద్దు.

అన్నీ భయాలే రాశానని అల్లుడు వెనక్కి తగ్గుతాడేమో. సెప్టెంబర్ చివర్లో వేసిన గోధుమ మంచు కింద పచ్చగా పడుకుని, మార్చిలో లేచి, మన వాళ్లు మృగశిరలో వానకి ఎదురుచూసే జూన్‌లో ఇక్కడ కోతకొస్తుంది. అప్పుడోసారి ఊరి బయటకి కారు తోలుకెళ్లి ఆగండి, చాలు. అన్నట్టు కోతల వారంలో ఏ పేషెంటుతోనూ "వాన పడేలా ఉంది" అని సంబరంగా అనకు. నేను అన్నాను. ఆయన బీపీ మళ్లీ చూడాల్సి వచ్చింది.

దిగిన రోజు సరాసరి మా ఇంటికే రండి. ఆ రైతు దుప్పటి ఇప్పుడు నా మూడో కారు డిక్కీలో ఉంది. మీ పెద్దమ్మ ఉతికి పెడతానంది.

మీ
పెద్దనాన్న