పిలిచిన ఇంటికి వెళ్ళండి, కానీ ఆ ఇంటికి బరువు కావద్దు

సువార్త పని మీద పరాయి దేశంలో తిరిగేటప్పుడు ముక్కూ మొహం తెలియనివాళ్ళు, అందులోనూ క్రైస్తవులు కానివాళ్ళు, భోజనానికి పిలిస్తే వెళ్ళవచ్చా అని అడిగారు. 3 యోహాను 7వ వచనంలో "అన్యజనులవలన ఏమియు తీసికొనక" అని ఉంది కాబట్టి వద్దని మీ సంఘంలో అంటున్నారట.

వెళ్ళవచ్చు. వెళ్ళాలి కూడా. ఆ వచనం చందాల గురించి. బోధ విన్నవాళ్ళ దగ్గర డబ్బు వసూలు చేస్తూ ఊరూరా తిరిగేవాళ్ళు ఆ రోజుల్లో చాలామంది ఉండేవారు. ఈ సువార్తికులు అలా చెయ్యలేదని యోహాను చెబుతున్నాడు. చేతికిచ్చిన రొట్టెను తోసెయ్యమని కాదు. అదే పత్రికలో పరదేశులను చేర్చుకున్న గాయుకు మెప్పు, చేర్చుకోని దియొత్రెఫేకు చీవాట్లు ఉన్నాయి. ఒక్క వచనం తుంచుకొచ్చి నిషేధం చేసెయ్యడం మన సంఘాల్లో పాత అలవాటే.

అసలు చూడాల్సింది లూకా రాసిన అపొస్తలుల కార్యములు 27, 28 అధ్యాయాలు. పద్నాలుగు రాత్రులు తుఫానులో కొట్టుకుపోయిన ఓడ, అందులో 276 మంది, వాళ్ళలో ఖైదీగా రోముకు వెళ్తున్న పౌలు. రాళ్ళకు కొట్టుకుంటుందన్న భయంతో ఓడ వెనకవైపు నుంచి నాలుగు లంగర్లు దించారు. తెల్లారాక ఓడ ఇసుకలో కూరుకుపోయింది. ఖైదీలు ఈది పారిపోతారని సైనికులు వాళ్ళను చంపబోతే శతాధిపతి యూలి ఆపాడు. ఈత వచ్చినవాళ్ళు ముందు దూకారు, మిగతావాళ్ళు పలకలూ ఓడ చెక్కలూ పట్టుకుని ఒడ్డుకు చేరారు. అది మెలితే ద్వీపం, ఇప్పటి మాల్టా. వాన, చలి. ద్వీపవాసులు నిప్పు రాజేసి అందరినీ దగ్గరికి తీసుకున్నారు. ఖైదీలెవరు, సైనికులెవరు అని ఎంచలేదు.

మన తెలుగు బైబిల్లో వాళ్ళను "అనాగరికులు" అన్నారు. నాకు ఈ మాట ఎప్పుడూ బాధే. గ్రీకు మూలంలో ఉన్న 'బర్బరోయి'కి అర్థం గ్రీకు రానివాళ్ళు అని. అక్కడివాళ్ళు మాట్లాడింది ప్యూనిక్, అంటే ఫినీషియా వాళ్ళ నుంచి వచ్చిన భాష. వాళ్ళు చేసిన ఉపచారానికి లూకా వాడిన మాట 'ఫిలంత్రోపియా', మనిషి మీద ప్రేమ. అంతటి మాట దక్కినవాళ్ళకు ముందు తగిలించిన విశేషణం మాత్రం అదీ.

అక్కడ పౌలు చేసిన మొదటి పని చూడండి. ప్రసంగం కాదు, కట్టెలు ఏరడం. ఆ మోపులోంచే ఒక పాము వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. ద్వీపంలో ముఖ్యుడైన పొప్లి మూడు రోజులు ఆతిథ్యమిచ్చాడు. జ్వరంతో, రక్తభేదితో పడి ఉన్న అతని తండ్రి కోసం పౌలు ప్రార్థించాడు, ఆయన బాగయ్యాడు. మూడు నెలల తరువాత బయలుదేరుతుంటే కావలసినవన్నీ వాళ్ళే ఓడలో పెట్టారు. ఆ మూడు నెలల్లో పౌలు బోధించాడని లూకా ఒక్క ముక్క కూడా రాయలేదు. బోధించి ఉండవచ్చు. కానీ రాయదగ్గదిగా లూకాకు కనిపించింది వాళ్ళ దయ.

ఇక పద్ధతి. తొలి క్రైస్తవుల 'దిదఖే' అనే చిన్న పుస్తకం చేతిప్రతి 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో దొరికింది. అందులో నియమం సూటిగా ఉంటుంది: వచ్చిన అపొస్తలుడు, అంటే ఊరూరా తిరిగే సువార్తికుడు, ఒక రోజు ఉండాలి, అవసరమైతే రెండో రోజు. మూడో రోజు కూడా ఉంటే అబద్ధ ప్రవక్త. వెళ్ళేటప్పుడు తరువాతి మజిలీ దాకా సరిపడే రొట్టె తప్ప ఏమీ తీసుకోకూడదు, డబ్బు అడిగితే అతనూ అబద్ధ ప్రవక్తే. నేటికీ ఇంతకన్నా మంచి కొలత లేదు. ఆ ఇంట్లో అడుగుపెట్టిన సాయంత్రమే ఎప్పుడు వెళ్తారో రోజుతో సహా చెప్పెయ్యండి. అతిథి ఎన్నాళ్ళుంటాడో తెలియకపోవడమే ఇంటివాళ్ళకు అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది. ఇంతకన్నా మంచి ఇల్లు పిలిచిందని మారిపోవద్దు. లూకా 10:7లో "ఇంటింటికి తిరుగవద్దు" అన్నది దీన్నే.

భోజనం, పడక ఆతిథ్యం. వాటికి వెల కట్టి ఇస్తే మనసు నొచ్చుకుంటుంది. కానీ మీ కోసం వాళ్ళు బండికి పోయించిన పెట్రోలు, కొన్న మందులు, చేసిన ఫోన్లు ఖర్చు. అది ఏ రోజుకారోజు ఇచ్చెయ్యాలి. సంచీ, జాలె (జోలె) వద్దన్న లూకా 10:4 చూపించి ఖాళీ చేతులతో బయలుదేరేవాళ్ళు, ఇప్పుడు సంచి గలవాడు తీసుకుపోవాలన్న 22:36 కూడా చదవాలి. పడని పదార్థాలుంటే ఆ దేశపు భాషలో చీటీ రాయించుకుని, వంట మొదలుకాకముందే చూపించండి. విస్తరి ముందు కూర్చున్నాక చెబితే ఇల్లాలికి అవమానం. విరేచనాలు పట్టుకుంటే గాభరాపడి ఆ వంటను నిందించకండి. లీటరు మంచినీళ్ళలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, చెంచా తలగొట్టి, కలిపి కొద్దికొద్దిగా తాగండి. నెత్తురు పడితే మాత్రం ఆసుపత్రికి వెళ్ళాల్సిందే.

చాలామందికి తట్టని సంగతి చట్టం. చైనాలో విదేశీయుడు హోటల్లో కాక ఎవరింట్లోనైనా దిగితే 24 గంటల్లోగా పోలీసుల దగ్గర నమోదు చేయించాలి. ఆ బాధ్యత ఇంటివాళ్ళ మీదా ఉంది. రష్యాలో 2016 చట్ట సవరణల తరువాత నివాస గృహాల్లో మిషనరీ పనికి నిషేధం ఉంది. నేపాల్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న శిక్షాస్మృతి ప్రకారం మతం మార్పిస్తే, ఆ ప్రయత్నం చేసినా, ఐదేళ్ళ దాకా జైలు, 50,000 నేపాలీ రూపాయల దాకా జరిమానా. విదేశీయుడినైతే శిక్ష పూర్తయ్యాక దేశం నుంచి పంపేస్తారు. ఆ ఇంటివాళ్ళకు మాత్రం వెళ్ళడానికి ఇంకో దేశం లేదు. అందుకే మీరెవరో, ఏ పని మీద వచ్చారో, మీ వీసా ఏ రకానిదో వాళ్ళకు ముందే చెప్పాలి. తెలిశాక రావద్దంటే దండం పెట్టి కదలాలి. దయ చూపించారు కదా అని ఆ రాత్రే కరపత్రం చేతిలో పెట్టడం మరీ తప్పు. అడిగితే చెప్పండి.

తిరిగొచ్చాక జరిగేది ఇంకా బాధ. సాక్ష్యంలో "దేవుడు ఒక దూతను పంపాడు" అంటారు. హెబ్రీయులకు 13:2 మళ్ళీ చదవండి. అందులో దూతలు ఇంటికొచ్చిన అతిథులు, అన్నం పెట్టినవాళ్ళు మనుషులే. పెట్టినవాళ్ళను దూతలను చేసేస్తే ఆ మనిషి అలసట, ఖర్చు, ధైర్యం అన్నీ మాయమైపోతాయి.

సంఘంలో వాళ్ళ గురించి మనుషులుగానే చెప్పుకోండి. కానీ బయటికి పంపే ప్రార్థన ఉత్తరాల్లో పేరు, ఊరు, ముఖం కనబడే ఫోటో వద్దు. ఫోన్ కెమెరాలో లొకేషన్ ప్రయాణానికి ముందే ఆపెయ్యండి, లేకపోతే ఫోటోలోనే ఆ ఇంటి అక్షాంశ రేఖాంశాలు నమోదై ఉంటాయి. కృతజ్ఞతగా ఉత్తరం రాయాలనుకుంటే, రావచ్చో లేదో సెలవు తీసుకునే ముందే వాళ్ళను అడగండి. కొన్ని చోట్ల విదేశీ ముద్ర ఉన్న కవరు ఒక్కటి చాలు, ఆ ఇంటి తలుపు ఎవరో తట్టడానికి.