ట్రాన్స్‌లేటరా, ఇంటర్‌ప్రెటరా? ముందు అది తేల్చుకోనివ్వండి

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. తెలుగు, హిందీ, ఇంగ్లిష్ మూడూ బాగా వచ్చు. సర్టిఫైడ్ ట్రాన్స్‌లేటర్ గానీ ఇంటర్‌ప్రెటర్ గానీ అవుతానంటోంది. మూడు నెలల్లో సర్టిఫికెట్ ఇస్తామని, అది ఏ దేశంలోనైనా చెల్లుతుందని ఒక ఆన్‌లైన్ సంస్థ వాళ్లు చెబుతున్నారు. చేర్పించమంటారా?

జవాబు: ఆ మాట నమ్మి మాత్రం ఫీజు కట్టకండి. అన్ని దేశాల్లోనూ చెల్లే అనువాద సర్టిఫికెట్ అంటూ ఏదీ లేదు. ఆ కోర్సులో పాఠాలు బాగుంటే నేర్చుకోవడానికి పనికొస్తాయి, అంతవరకే.

ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి. జర్మనీలో ఆఫీసులకిచ్చే పత్రాలకు సాధారణంగా కోర్టు ద్వారా ప్రమాణం చేసిన అనువాదకుల సంతకం, ముద్ర అడుగుతారు. అమెరికాలో అనువాదకులకు ప్రభుత్వ లైసెన్సే లేదు. అక్కడ ఇమ్మిగ్రేషన్‌కు ఇచ్చే పత్రమైతే, అనువాదం పూర్తిగా, సరిగ్గా ఉందని, తనకు ఆ పని చేసే అర్హత ఉందని అనువదించినవారే రాసి సంతకం పెడతారు. అమెరికన్ ట్రాన్స్‌లేటర్స్ అసోసియేషన్ పరీక్షకు మంచి పేరుంది గానీ, అది కొన్ని లాంగ్వేజ్ పెయిర్స్‌కే (ఏ భాష నుంచి ఏ భాషలోకి అనే జతలకే) పరిమితం.

ఆస్ట్రేలియాలో నాటి (NAATI) అనే సంస్థ అనువాదకులకు, ఇంటర్‌ప్రెటర్లకు సర్టిఫికేషన్ ఇస్తుంది. దాన్ని మూడేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. ఇక్కడ చాలామంది పొరపడుతున్నారు. ఆస్ట్రేలియా వీసా పాయింట్ల కోసం మనవాళ్లు రాసే సీసీఎల్ (క్రెడెన్షియల్డ్ కమ్యూనిటీ లాంగ్వేజ్) పరీక్ష కూడా ఈ NAATI సంస్థదే. అది పాసైనంత మాత్రాన ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేసే అర్హత రాదు. మీ అమ్మాయికి ఎవరైనా ఆ పరీక్షను ఉద్యోగానికి దారిగా చూపిస్తే తప్పుదారి పట్టిస్తున్నట్టే.

ఇక అసలు తేల్చుకోవాల్సింది. ట్రాన్స్‌లేషన్ రాత పని, ఇంటర్‌ప్రెటింగ్ నోటి పని. రెండింటికీ భాషలు రావాలి, కానీ మనిషి తీరు వేరుగా ఉండాలి. ఒక్క వాక్యం దగ్గర గంటసేపు ఆగి, నిఘంటువులు తిరగేసి, పాత పత్రాలతో సరిచూసుకునే ఓపిక ఉంటే ట్రాన్స్‌లేషన్. ఒక సర్టిఫికెట్‌ను అనువదిస్తే అందులోని ముద్ర, సంతకం, చేతిరాత అన్నీ చూపించాలి. చదవలేని చోట చదవలేకపోతున్నామని రాయాలే తప్ప ఊహించి నింపకూడదు.

ఇంటర్‌ప్రెటర్‌కు ఆ తీరిక ఉండదు. ఆసుపత్రిలో రోగి 'నాకు రాత్రుళ్లు ఆయాసం వస్తోంది' అంటే, డాక్టరుకు 'ఆమెకు ఆయాసమట' అని చెప్పకూడదు. 'నాకు ఆయాసం వస్తోంది' అనే చెప్పాలి. పక్కనున్న బంధువు 'అదేం లేదులెండి' అంటే ఆ మాటా చెప్పాలి. జాలితో ఏదీ దాచకూడదు, సాయం చేస్తున్నాననుకుని ఏదీ కలపకూడదు. విన్నది బయట ఎక్కడా అనకూడదు. మాట్లాడటం బాగా వచ్చిన పిల్లలకు కూడా ఈ నిగ్రహం సాధనతోనే వస్తుంది. నేను ఈ వృత్తిని ఇష్టపడేది కూడా అందుకే. భాష రాని మనిషి తన గోడు తనే చెప్పుకున్నట్టు ఉండేలా చేసే పని ఇది.

పెద్ద సమావేశాల్లో బూత్‌లో కూర్చుని ఏకకాలంలో చెప్పే సైమల్టేనియస్ పని ఇంకా కష్టం. సుమారు అరగంటకోసారి ఇద్దరు మారుతూ చేస్తారు. దానికి పీజీ స్థాయి శిక్షణ మంచిది.

ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. రెండు నిమిషాల ప్రసంగం ఒకటి వింటూ పేర్లు, అంకెలు, 'అయితే', 'అందువల్ల' లాంటి మలుపులు మాత్రమే నోట్ చేసుకుని, ఆపగానే ఇంకో భాషలో చెప్పి రికార్డ్ చేయమనండి. మర్నాడు వింటే ఏం జారిపోయిందో తనకే తెలుస్తుంది. నెల రోజులు చేశాక కూడా ఉత్సాహం తగ్గకపోతే ఇంటర్‌ప్రెటింగ్ వైపు పంపండి.

ఏఐ వచ్చాక ఈ పని ఉంటుందా అనే టెన్షన్ మీకూ ఉండే ఉంటుంది. మామూలు వెబ్‌సైట్ రాతలు, ఉత్పత్తి వివరాల్లాంటివి చాలావరకు మెషీన్‌కే వెళుతున్నాయి, మనుషులకు దిద్దే పని మిగులుతోంది. కాబట్టి భాషలతో పాటు వైద్యం, చట్టం, ఫైనాన్స్‌లో ఏదో ఒకదాని మీద గట్టి పట్టు ఉండాలి. అది లేకుండా ఈ రంగంలోకి రమ్మని నేను చెప్పను.

అనువాద సేవలకు ఐఎస్‌ఓ 17100 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాని ప్రకారం అనువాదకులకు అనువాదంలో డిగ్రీ ఉండాలి. వేరే సబ్జెక్టులో డిగ్రీ అయితే రెండేళ్ల పూర్తికాల వృత్తి అనుభవం కావాలి, డిగ్రీ లేకపోతే అయిదేళ్లు. మూడు నెలల కోర్సు వీటిలో దేనికీ సాటిరాదు. డిగ్రీ పూర్తి చేయించండి. తర్వాత అనువాదంలో పీజీ గానీ, ఎంచుకున్న రంగంలో చదువు గానీ చూడండి. ఏ దేశంలో, ఏ పని అన్నది ఖాయమయ్యాక, అక్కడి సంస్థ వెబ్‌సైట్‌లో తన భాషలకు పరీక్ష ఉందో లేదో చూసుకుని, అప్పుడు ఫీజు కట్టండి.